ఐదేళ్ళు నిండకముందే విధుల్లో చేరండి
ఉద్యోగుల సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు సర్వీసులో ఉండగా మరణించినందున 2013లో నాకు కారుణ్య నియామకం కింద జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. కందుకూరులో పనిచేస్తుండగా మా అత్తగారికి పక్షవాతం రావడం, రెండవ పాప పుట్టడం ఒకేసారి జరిగాయి. ఇల్లు కదలలేక 2021 సెప్టెంబరు 1 నుండి జీతనష్టపు సెలవు పెట్టి, రెండుసార్లు పొడిగించుకున్నాను. మొన్న వేసవిలో అత్తగారు కాలం చేశారు. ఇప్పుడు తిరిగి చేరాలనుకుంటున్నాను. నేను సెలవు పెట్టినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉండేది, తర్వాత 2022లో నెల్లూరు జిల్లాకు మారింది. నేను ఎవరి దగ్గర చేరాలి? ఇన్నేళ్ళ సర్వీసు పోయినట్లేనా? ఫైళ్ళన్నీ కంప్యూటర్లలోకి మారాయంటున్నారు. నా తర్వాత చేరినవారిని అడిగి నేర్చుకోవాలంటే మనసు వెనకాడుతోంది.
– ఒక సోదరి, కందుకూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క తేదీ నన్ను కంగారు పెట్టింది, అందుచేత ముందు దాని గురించే చెబుతాను. మన ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఫండమెంటల్ రూల్ 18కి, అంటే ఉద్యోగుల మౌలిక సర్వీసు నియమాల్లో 18వదానికి, సెలవు నియమాలకు చేసిన సవరణల ప్రకారం, సెలవు మంజూరై ఉన్నా లేకపోయినా, ఏకధాటిగా ఐదేళ్ళకు మించి విధులకు రాని ఉద్యోగిని రాజీనామా చేసినట్లుగా పరిగణిస్తారు. మీ ఐదేళ్ళు 2026 ఆగస్టు 31తో నిండుతాయి. ఇంకా గడువు ఉంది కదా అని పాప బడి సంవత్సరం ముగిసేదాకా ఆగవద్దు. మీరు సెలవు పొడిగింపు కోరిన ప్రతిసారీ మంజూరు ఉత్తర్వు వచ్చిందో లేదో కూడా చూసుకోండి. దరఖాస్తు ఇచ్చి ఊరుకుని, ఉత్తర్వు చేతికి రాని కాలం ఏదైనా మిగిలితే, దానిని అనుమతి లేని గైరుహాజరు అనే వీలుంది, ఆ గైరుహాజరు ఏడాది దాటినా అదే నియమం కింద రాజీనామా చేసినట్లుగా పరిగణిస్తారు.

ఎక్కడ చేరాలన్న విషయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఉద్యోగులను తాత్కాలిక ప్రాతిపదికన కొత్త జిల్లాలకు కేటాయించారు. ఆ జాబితాలో మీ పేరు ఎటు పడిందో మీకు తెలిసినట్లు లేదు. కనుక మీకు సెలవు మంజూరు చేసిన అధికారి పేరిట, అంటే ఒంగోలులోని మీ శాఖ జిల్లా అధికారి పేరిట, చేరిక నివేదిక రాసి, దాని ప్రతిని నెల్లూరులోని జిల్లా అధికారికి కూడా ఇవ్వండి. నోటిమాటగా అడిగి తిరిగి రావద్దు. తపాలు స్వీకరించే చోట ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణముంది. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో ఉన్న రోజుల్లో ఒక ఉద్యోగిని సెలవు ముగించుకుని పోస్టింగు కోసం మూడు వారాలు కార్యాలయం చుట్టూ తిరిగారు. ఆమె చేతిలో ఒక్క కాగితమూ లేదు. పోస్టింగు ఇచ్చేదాకా ఉద్యోగి ఎదురుచూసిన కాలాన్ని కంపల్సరీ వెయిటింగుగా, అంటే విధుల్లో ఉన్నట్లుగా, పరిగణించే అవకాశం నియమాల్లోనే ఉన్నప్పటికీ, ఆమె మొదటి రోజున వచ్చారనడానికి ఆధారం లేకపోవడంతో ఆ మూడు వారాలూ జీతం లేని రోజులుగానే మిగిలిపోయాయి. ఆ ఫైలు నా చేతి మీదుగానే వెళ్ళింది కాబట్టి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఇక సర్వీసు సంగతి. మీ సీనియారిటీ పోదు. అది మీ నియామకంతో ముడిపడి ఉంటుంది, మంజూరైన సెలవు దానిని చెరపదు. అయితే వైద్య కారణాలపై కాకుండా పెట్టిన అసాధారణ సెలవు, అంటే మీరు పెట్టిన జీతనష్టపు సెలవు, వార్షిక ఇంక్రిమెంటుకు లెక్కకు రాదు. అందువల్ల ఈ నాలుగేళ్ళ ఇంక్రిమెంట్లు మీకు ఉండవు, తర్వాతి ఇంక్రిమెంటు తేదీ కూడా అంతమేరకు జరుగుతుంది. మీ పాత జీతం మాత్రం అక్కడే ఉండిపోదు. 2022 జనవరిలో వచ్చిన వేతన సవరణ 2018 జులై 1 నుండి వర్తించేలా ఇచ్చినది, ఆ తేదీన మీరు విధుల్లోనే ఉన్నారు. కాబట్టి మీ పాత స్కేలు 16,400 – 49,870 నుండి 25,220 – 80,910 స్కేలులోకి మీ వేతనాన్ని స్థిరీకరించాలి. సెలవులో ఉన్నవారి విషయంలో ఈ పని తరచుగా మిగిలిపోతుంది. చేరిన మొదటి నెలలోనే సర్వీసు రిజిస్టరు తెప్పించుకుని, ఆ నమోదు ఉందో లేదో మీ కళ్ళతో చూడండి.

సంపాదిత సెలవు ఏటా జనవరి 1న, జులై 1న పదిహేను రోజుల చొప్పున జమ అవుతుంది కదా. అసాధారణ సెలవులో ఉన్న రోజుల్లో పదో వంతును ఆ జమ నుండి తగ్గిస్తారు. ఆరు నెలలూ సెలవులోనే ఉంటే తగ్గింపు పదిహేనుకు మించిపోతుంది కనుక అలాంటి అర్ధ సంవత్సరాలకు కొత్త జమ ఉండదు, పాత నిల్వ మాత్రం చెక్కుచెదరదు. మీరు 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరారు కాబట్టి సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా వేసే పెన్షను పథకం) పరిధిలో ఉన్నారు. జీతం లేని కాలానికి మీ పది శాతం వాటా గాని, ప్రభుత్వ వాటా గాని జమ కాలేదు. ఆర్థికంగా ఇదే పెద్ద నష్టం, దానిని మీ దగ్గర దాచిపెట్టడం న్యాయం కాదు. గ్రూపు ఇన్సూరెన్సు, ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) ప్రీమియం బకాయిలు వడ్డీతో కలిపి కట్టవలసి ఉంటుంది. మొదటి జీతాల్లో ఆ కోత కనిపిస్తే భయపడవద్దు.

పాపల సంరక్షణకు మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో ఉన్న పూర్తి వేతనపు సెలవును 2022లో 60 రోజుల నుండి 180 రోజులకు పెంచారు. మీరు దానిని వాడుకున్నట్లు ఉత్తరంలో లేదు. చేరిన తర్వాత అవసరాన్ని బట్టి విడతలుగా వాడుకోవచ్చు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే జీతం లేని కాలం కొంతైనా తగ్గేదేమో. ఆ మాట చెప్పవలసింది ఆనాడు మీ దరఖాస్తు అందుకున్న సెక్షను.

చివరగా మీ మనసు వెనకాడడం గురించి. ముఖం చూపించి హాజరు వేసే యాప్, ఫైళ్ళను కంప్యూటరులో నడిపే ఈ-ఆఫీసు లాగిన్, జీతాల కోసం సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థ) ఖాతా పునరుద్ధరణ, ఇవన్నీ ఒకటి రెండు వారాల్లో చేతికి వస్తాయి. నోట్‌ఫైలులో విషయాన్ని క్రమంగా పేర్చి, నియమం ఎత్తి చూపి, అధికారి సంతకానికి పెట్టడం మీకు ఎనిమిదేళ్ళ అలవాటు. ఆ చేయి తిరగడం తెర మీద ఫైలుకూ అంతే అవసరం. చిన్నవారిని అడగడంలో చిన్నతనమేమీ లేదు. వారికి తెలియని పాత ఫైళ్ళ చరిత్ర మీకు తెలుసు, అడిగితే మీరూ చెబుతారు. మంజూరైన సెలవుకు ఎవరి ముందూ తల దించుకోనవసరం లేదు.

ప్రశ్న: మా తమ్ముడు కనిగిరి ప్రాంతంలో ఉపాధ్యాయుడు. తీవ్రమైన మానసిక అస్వస్థతతో పద్నాలుగు నెలలుగా బడికి వెళ్ళలేదు, సెలవు దరఖాస్తు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు కోలుకున్నాడు. రాజీనామా చేసినట్లు పరిగణిస్తామంటూ నోటీసు వచ్చింది. ఉద్యోగం పోయినట్లేనా?
– ఒక అన్న, పొదిలి

జవాబు: పోలేదు. అనుమతి లేకుండా ఏడాదికి మించి రానివారికి ఆ నియమం వర్తిస్తుంది, నిజమే. కానీ కారణాలు చెప్పుకునేందుకు ఉద్యోగికి తగిన అవకాశం ఇవ్వాలని అదే నియమం చెబుతోంది. మీకు వచ్చిన నోటీసు ఆ అవకాశమే. గడువు లోపల లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వండి. ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు, చికిత్స చేసిన వైద్యుడి ధ్రువపత్రం తేదీల వారీగా జతపరచి, ఈ కాలాన్ని వైద్య కారణాలపై సెలవుగా క్రమబద్ధీకరించమని కోరండి. దరఖాస్తు ఎందుకు ఇవ్వలేకపోయాడో దాచకుండా రాయండి, ఆ జబ్బు మనిషిని కాగితం కూడా రాయనివ్వదని అధికారులకు తెలియాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అస్వస్థతను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించరాదని, పాత పనికి సరిపోకపోతే అదే వేతనంతో మరో పోస్టు ఇవ్వాలని ఆ చట్టంలోని 20వ సెక్షను చెబుతోంది. ఆయన పరిస్థితి దాని కిందికి వస్తుందో లేదో వైద్యుడితోనూ, సర్వీసు వ్యవహారాలు తెలిసిన న్యాయవాదితోనూ మాట్లాడి, వచ్చేట్లయితే సమాధానంలోనే ప్రస్తావించండి. చేరే రోజున యోగ్యతా ధ్రువపత్రం అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి. మళ్ళీ మనసు కుంగినట్లు అనిపిస్తే 14416కు ఫోను చేయమనండి. అది టెలిమానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను నెల్లూరులో సూపరింటెండెంటుని. మూడేళ్ళ సెలవు తర్వాత ఒక సీనియర్ అసిస్టెంటు మా సెక్షనుకు వస్తున్నారు. మొదట ఆమెకు ఏ పని ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అడిగినందుకే మీకు నమస్కారం. తపాలు నమోదుకు కూర్చోబెట్టకండి, సాధారణంగా అందరూ అదే చేస్తారు. మొదటి వారం పాత పర్సనల్ రిజిస్టరు, అంటే ఆ సీటుకు వచ్చిన కాగితాల నమోదు పుస్తకం, ఇచ్చి పెండింగు ఫైళ్ళు చదవనివ్వండి, రెండో వారంలో వాటిలో ఒక పూర్తి ఫైలు ఆమె పేరిట కేటాయించి, మొదటి రెండు నోట్లు మీరే పక్కన కూర్చుని చూడండి. ఆమె రాకముందే ఈ-ఆఫీసు లాగిన్, హాజరు నమోదు, ఎల్‌పీసీ (చివరి జీతపు ధ్రువపత్రం) తెప్పించే ఉత్తరం పూర్తి చేయించండి, లేకపోతే మొదటి నెల జీతం ఆగుతుంది.