మూడు సొరుగుల కార్డు చేయబోతున్న మనవరాలికి

చూలై, చెన్నై

బుజ్జమ్మా,

దీవెనలు. తాతయ్య సహస్ర చంద్ర దర్శనానికి నువ్వే చేత్తో కార్డు చేస్తానన్నావట, అందులో మూడు చిన్న సొరుగులు కూడా పెడతానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్రపట్టలేదు. నలభై ఏళ్లు బైండింగు పనిలో అట్టలు కోశాను కానీ, ఆ పని ఎలా చేయాలని మనింట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే నువ్వు అడగకుండానే రాస్తున్నాను.

ముందు కార్డును కాదు, దాన్ని తెరిచే చేతిని తలచుకో. మా అన్నయ్యకు, అదే మీ తాతయ్యకు, మాత్రల షీటు చించడమే కష్టంగా ఉంది, వేళ్లు వణుకుతున్నాయి. సొరుగుకు ముత్యమో పూసో తగిలిస్తే చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, ఆయనకు మాత్రం దొరకదు. వేలు పట్టేంత రిబ్బను ఉచ్చు పెట్టు. దాని కొసలు సొరుగు ముందు గోడకు చిన్న చీలిక పెట్టి లోపలికి దూర్చి, లోపల అంటించు. పైన అంటిస్తే నాలుగోసారి లాగేటప్పటికి ఊడి చేతిలోకి వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక అగ్గిపెట్టె విప్పి చూడు. మనకు కావలసిందంతా అందులో ఉంది: లోపల సొరుగు, బయట ఒర. ఇక కొలతలు. సొరుగు 9 సెంటీమీటర్ల పొడవు, 4.5 వెడల్పు, 1.5 ఎత్తు అనుకుందాం. అట్ట 12 × 7.5 కొయ్యి. నాలుగు వైపులా అంచు నుంచి 1.5 దగ్గర గీత గీసి, మూలల్లో చీల్చి, ఆ చెవులను లోపలికి మడిచి అంటించు. చెవులు బయట ఉంటే ఒరకు రాసుకుంటాయి.

ఒర పట్టీ 9 వెడల్పు, 13.8 పొడవు. 4.7, 6.4, 11.1, 12.8 దగ్గర మడతలు వస్తాయి. చివర మిగిలిన సెంటీమీటరును మొదటి ముఖానికి బయటి వైపే అంటించు. ఆ ముఖాన్ని కార్డుకు అతికిస్తాం కాబట్టి అతుకు కనపడదు, సొరుగుకూ తగలదు. ఒర వెనక వైపు మూయకు. మూస్తే లోపల గాలి చిక్కుకుని సొరుగు సరిగ్గా పోదు.

సొరుగు 4.5 అయితే ఒర 4.7 ఎందుకంటావేమో. ఆ రెండు మిల్లీమీటర్లే పనంతా. ఒక పెళ్లికి పెట్టెల్లాంటి ఆహ్వానాలు అడిగితే, ఎండాకాలంలో సొరుగుకు ఒర బిగుతుగా సరిపోయేట్టు కోసి పెట్టాను. చేతిలో ఆడుతుంటే గర్వంగా ఉండింది. పెళ్లి కార్తీకంలో. వానలకు అట్ట తేమ పీల్చి ఉబ్బింది, సొరుగులు కదల్లేదు. పెళ్లివారు గోళ్లతో పీకుతుంటే ముందు గోడలు చిరిగిపోయాయి. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మన వేడుక కూడా వానల్లోనే కదా, నీ ఒర కాస్త వదులుగానే ఉండనీ. అప్పటికీ పట్టేస్తే, జిగురు పూర్తిగా ఆరాక సొరుగు పక్కలకు కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దు. అంటించక ముందు మాత్రం రుద్దకు, మైనం మీద జిగురు నిలవదు.

ఇంకోటి, గ్రెయిన్. మిల్లులో చేసిన కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది. అట్టను రెండు వైపులా మెల్లగా వంచి చూడు. ఏ వైపు సులువుగా వంగితే గ్రెయిన్ ఆ మడతకు సమాంతరంగా ఉన్నట్టు. కార్డు పై అట్ట ఒకే ముక్కగా 29.6 × 21 కావాలి: చెరో పక్కా 13.8 రేకు, మధ్యలో సొరుగుల మందానికి 2 సెంటీమీటర్ల వెన్ను. ఎ4 షీటులో ఇది పడుతుంది, కానీ ప్యాకెట్లో వచ్చే ఎ4లో గ్రెయిన్ తరచూ పొడవు వైపే ఉంటుంది. మన మడత దానికి అడ్డంగా పడి, వెన్ను దగ్గర పగిలి తెల్లగా బయటపడుతుంది. అందుకే పెద్ద షీటు కొని, గ్రెయిన్ వెన్ను వెంట వచ్చేలా కోసుకో. సొరుగులకూ ఒరలకూ గ్రెయిన్ ఆ 9 వైపు ఉండాలి.

కాగితానికి ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ స్ట్రీట్‌కు వెళ్లు. పై అట్టకు 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగేది, సొరుగులకు 220 అడుగు. పుదుచ్చేరి ఆశ్రమంవాళ్లు చేసే చేతి కాగితం చూస్తే మనసు లాగుతుంది. దాన్ని ముఖం మీదికే వాడు. సొరుగుకు వాడితే రాపిడికి నూగు లేస్తుంది.

మేం మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లం, పురుగు పట్టకుండా. అది విషం, నీకు వద్దు. ఫెవికాలే వాడు, కానీ పుల్లతో పల్చగా రాయి. అందులో నీళ్లుంటాయి, ఎక్కువైతే అట్ట వంకర తిరుగుతుంది. మడతకు ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట నొక్కి గీస్తే మడత సూటిగా వస్తుంది. ఒరలను కుడి రేకు మీద, నోళ్లు బయటి అంచుకు సరిగ్గా వచ్చేలా, ఒకదాని కింద ఒకటి అంటించు. పక్కన మిగిలిన చోట నీ ఉత్తరం, పెద్ద అక్షరాల్లో.

అలంకరణ నీ ఇష్టం. నన్నడిగితే సొరుగు ముఖాల మీద నెలవంక, సగం చందమామ, నిండు చందమామ చాలు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చమ్కీలు ఎందుకు?

లోపల ఏం పెట్టాలో కూడా చెబుతాను. మల్లెలు వద్దు, తడికి మరకలు పడతాయి. పటికబెల్లం వద్దు, చీమలు పడతాయి. మొదటి దాంట్లో యాలకులు వెయ్యి, భోజనం తర్వాత ఆయనకు అలవాటు. రెండో దాంట్లో మనవలూ మనవరాళ్లూ తలా ఒక ముక్క రాసిన చీటీలు. ఫోటో పెడితే నకలే పెట్టు.

మూడోది ఖాళీగా ఉంచి ఆదివారం నా దగ్గరికి తీసుకురా. చిన్నప్పుడు నేను ఏడిస్తే అన్నయ్య పావలా చేతిలో పెట్టేవాడు. వాటిలో మూడు ఖర్చుపెట్టకుండా దాచుకున్నాను. పావలా చెలామణీ 2011లో ఆగిపోయింది, నా డబ్బాలో మాత్రం అవి అలాగే ఉన్నాయి. ఆ సొరుగులో అవి పెడదాం.

మీ చిన తాతయ్య