పడుగూ పేకా తెలిసిన అనువాదకులు కావాలి

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మా సంఘం నేసే జంపఖానాలనూ, అదే బట్టతో కుట్టిన సంచులనూ జర్మనీ వ్యాపారి ఒకరు మూడేళ్లుగా కొంటున్నారు. సరుకు వివరాలన్నీ ఆయన రాయించిన పన్నెండు పేజీల జర్మను పత్రంలో ఉన్నాయి. ఇప్పుడు ఫ్రాన్సులోని లియోన్ నుంచి ఒక దుకాణం అదే సరుకు అడుగుతూ, పత్రమూ లేబుళ్లూ ఫ్రెంచిలో కావాలంటోంది. కంప్యూటరుతో చేయించి పంపిన ప్రతిని వారు తిప్పి పంపారు. సరైన అనువాదకులు ఎక్కడ దొరుకుతారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు జతచేసిన ప్రతిలో తప్పు మొదటి పేజీలోనే కనిపిస్తోంది. జర్మనులో పేకను, అంటే అడ్డపోగును, 'షుస్' అంటారు. తుపాకి పేలుడుకూ అదే మాట. అందువల్ల ఫ్రెంచిలో 'త్రామ్' ఉండవలసిన చోట తుపాకి దెబ్బ వచ్చి చేరింది. సంచి లోపలి అస్తరుకు వాడే 'ఫుటర్' అనే మాటకు పశువుల మేత అనే అర్థం కూడా ఉంది కనుక, 'దుబ్లూర్' అనవలసిన చోట మేత పడింది. పడుగు (నిలువు పోగు) మాత్రం సరిగానే వచ్చింది, ఎందుకంటే జర్మను 'కెట్టె'కూ ఫ్రెంచి 'షెన్'కూ గొలుసు, పడుగు అనే రెండర్థాలూ ఉన్నాయి.

ఈ పనిని ఫ్రెంచి మాతృభాషగా గలిగి, జర్మను బాగా చదవగలిగి, బట్టల తయారీకి సంబంధించిన పత్రాలను ఇదివరకే చేసినవారికి అప్పగించండి. ఫ్రాన్సులో 1947 నుంచి ఉన్న అనువాదకుల సంఘం ఎస్‌ఎఫ్‌టీ, జర్మనీలోని అలాంటి సంఘం బీడీయూ తమ సభ్యుల జాబితాలను అందరికీ అందుబాటులో ఉంచాయి. వాటిలో భాషలనుబట్టి, రంగాన్నిబట్టి వెతకవచ్చు. నేనైతే ఎస్‌ఎఫ్‌టీతో మొదలుపెడతాను. హైదరాబాదులో విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనో అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లోనో ఫ్రెంచి నేర్చినవారు ఉత్తర ప్రత్యుత్తరాలకు చక్కగా ఆసరా అవుతారు గానీ, ఈ పత్రం బరువు వారిమీద పెట్టవద్దు. ముందు ఇంగ్లిషులోకి, తరువాత ఫ్రెంచిలోకి చేయిస్తామనే ఏజెన్సీలకు ఒప్పుకోవద్దు.

ఇద్దరు ముగ్గురికి ఒక్కో పేజీ ఇచ్చి, దానికి డబ్బు చెల్లించి, చేయించి చూడండి. వెంట జానెడు బట్ట ముక్కను కూడా పంపండి. నేత ఎంత ఒత్తుగా ఉందో వేళ్లకు తెలిసినంతగా ఫొటోలో తెలియదు. ఏమీ అడగకుండా మర్నాడే పని ముగించినవారికంటే, "మీ జంపఖానాలోనిది మామూలు ఉన్నియా, షూర్‌వొల్లెనా?" అని తిరిగి అడిగినవారు మేలు. షూర్‌వొల్లె అంటే అంతకుముందు ఏ వస్తువులోనూ వాడని ఉన్ని, ఫ్రెంచిలో 'లేన్ వియెర్జ్'. ఈ తేడా లేబులుమీద తప్పితే సరుకే తిరిగి రావచ్చు.

లేబులుమీది పీచుల పేర్లను ఎవరూ కొత్తగా కల్పించనక్కరలేదు. 2011 నాటి యూరోపియన్ యూనియన్ 1007వ నిబంధనకు జతచేసిన పట్టికలో అవి ఫ్రెంచిలోనూ జర్మనులోనూ ఉన్నాయి. ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో లేబులు ఉండాలన్నది కూడా ఆ నిబంధనే. మీ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన 'వరంగల్ దర్రీ' పేరును మాత్రం 'తపీ' అని మార్చనివ్వకండి. తివాచీలన్నిటికీ వాడే మాట అది, మీ పేరు అందులో కలిసిపోతుంది.

ధర దగ్గర జాగ్రత్త అవసరం. జర్మనీలో ఖాళీలతో కలిపి 55 అక్షరాల వరుసకు ఇంత అనీ, ఫ్రాన్సులో మాటకు ఇంత అనీ లెక్కగట్టడం వాడుక. నూలు బట్టకు జర్మనులో 'బౌమ్‌వొల్‌గెవెబె' అని ఒక్క మాటైతే, ఫ్రెంచిలో 'తిస్యు ద కొతోన్' అని మూడు మాటలు. కాబట్టి లెక్క మూలంమీదో అనువాదంమీదో ముందే రాయించుకోండి. అనువాద సేవలకు ఉన్న ఐఎస్‌ఓ 17100 ప్రమాణం కోరినట్టు రెండో వ్యక్తి సరిచూసే ఖర్చు అందులో కలిసి ఉందో లేదో కూడా అడగండి. ఇక, తిరిగి వచ్చిన ఆ ఫ్రెంచి ప్రతిని దిద్దమని ఎవరికీ ఇవ్వకుండా, జర్మను మూలాన్నే చేతికివ్వండి.