కోళ్ల కంపెనీ కొన్న ఫుట్‌బాల్ క్లబ్బు

ప్రశ్న: మాకు జడ్చర్ల దగ్గర రెండు బ్రాయిలర్ షెడ్లు ఉన్నాయి. కోళ్ల పెంపకంలో ఉన్నవాళ్లలో వెంకీస్ పేరు వినని వారుండరు. ఆ కంపెనీ వారు ఇంగ్లండులో ఒకప్పటి చాంపియన్ క్లబ్బును కొని దిగువ డివిజన్ల పాలు చేశారని డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి చెబితే నమ్మలేకపోయాను. అంత డబ్బున్నవారు కొన్న తరువాత జట్టు బాగుపడాలి గానీ చెడిపోవడమేమిటి? క్లబ్బు సొమ్ము ఏమైనా తినేశారా?
— ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. మీ చివరి అనుమానం మాత్రం నిజం కాదు. వెంకీస్ యజమానులు బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బు నుంచి సొమ్ము తీసుకుపోలేదు సరికదా, ఇన్నేళ్లలో 20 కోట్ల పౌండ్లకు పైగా తమ సొమ్మే అందులో పోశారు. అంత పోసినా పతనం ఆగకపోవడమే ఈ కథలో ఆలోచించవలసిన సంగతి.

బ్లాక్‌బర్న్ లంకాషైర్‌లోని ఒక మిల్లుల ఊరు. ఒకప్పుడు మన దేశానికి ధోవతులు నేసి పంపిన మగ్గాలు అక్కడివే కనుక, పోచంపల్లి వంటి చేనేత ఊళ్లున్న మన ప్రాంతానికి ఆ ఊరితో ఉన్న బంధం పాతదే, అంత తీయనిదేమీ కాదు. అక్కడ 1875లో పుట్టిన రోవర్స్, 1888లో ఫుట్‌బాల్ లీగును ప్రారంభించిన 12 క్లబ్బులలో ఒకటి. 1912లోను, 1914లోను లీగ్ చాంపియన్‌గా నిలిచి, అన్ని శ్రేణుల జట్లూ పోటీపడే ఎఫ్‌ఏ కప్పును ఆరుసార్లు గెలిచిన తరువాత చాలాకాలం వెనుకబడిపోయింది. ఆ ఊరివాడే అయిన ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ 1991లో క్లబ్బును తన చేతిలోకి తీసుకొని, కెన్నీ డాల్గ్లీష్‌ను మేనేజరుగా తెచ్చి, మరుసటి ఏడు గోల్స్ వేయడంలో దిట్ట అయిన అలన్ షియరర్‌ను కొన్నాడు. 1995 మే 14న, ఆఖరి మ్యాచ్‌లో తాము లివర్‌పూల్ చేతిలో ఓడినా, అదే సమయానికి మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్‌ను గెలవలేకపోవడంతో, 89కి 88 పాయింట్ల తేడాతో రోవర్స్ ఇంగ్లండులో అన్నిటికంటే పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్ చాంపియన్ అయింది. 81 ఏళ్ల నిరీక్షణ ఆనాటితో తీరింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కొందరు అభిమానులు అనుకున్నట్టు పతనం వెంకీస్‌తోనే మొదలుకాలేదు. షియరర్‌ను 1996లో 1.5 కోట్ల పౌండ్లకు న్యూకాజిల్‌కు అమ్మారు. 1999లో, వాకర్ బతికి ఉండగానే, క్లబ్బు పట్టికలో అడుగున నిలిచి ప్రీమియర్ లీగు నుంచి కింది శ్రేణికి జారిపోయింది. వాకర్ 2000లో మరణించాడు. జట్టు 2001లో తిరిగి పైకి వచ్చి, 2002లో లీగ్ కప్పు కూడా గెలిచింది. వాకర్ కుటుంబపు ట్రస్టు 2010 నవంబరులో 2.3 కోట్ల పౌండ్లకు క్లబ్బును అమ్మే నాటికి అది చాంపియన్ స్థాయిలో లేకపోయినా, పై శ్రేణిలో మర్యాదగా నిలబడి ఉంది. మేనేజర్ శామ్ అలర్డైస్ కింద 13వ స్థానంలో ఉంది.

కొన్న నెల తిరక్కుండానే, డిసెంబరు 13న, అలర్డైస్‌ను తొలగించారు. ఆయన స్థానంలో, అంతకు ముందు ఏ జట్టుకూ పూర్తిస్థాయి మేనేజరుగా పనిచేయని శిక్షకుడు స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. కొనుగోలు సమయంలో సలహాలిచ్చిన ఆటగాళ్ల ఏజెంట్ల మాటకు క్లబ్బులో బరువు ఎక్కువైందని అక్కడి పత్రికలు విస్తారంగా రాశాయి. బ్రెజిల్ తార రొనాల్డినోను తెస్తామన్న ప్రకటనలు వినిపించాయి గానీ, ఆయన రాలేదు. దుస్తులు మార్చుకునే గదిలో ఆటగాళ్ల చేత కోడి కాళ్లు తినిపిస్తూ తీసిన వాణిజ్య ప్రకటన మాత్రం వచ్చింది, ఇంగ్లండు మొత్తం దానిని చూసి నవ్వింది. 2012 మేలో జట్టు ప్రీమియర్ లీగు నుంచి జారిపోయి, ఆనాటి నుంచి మళ్లీ అక్కడికి చేరలేదు. తరువాతి సీజన్‌లో కీన్ వెళ్లిపోయాక వచ్చిన హెనింగ్ బెర్గ్‌ను, 1995 విజేత జట్టులో ఆడినవాడని కూడా చూడకుండా, 57 రోజులకే పంపించారు. ఆయనకు రావలసిన 22.5 లక్షల పౌండ్లు చెల్లించమని న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన మైకేల్ ఆపిల్టన్ కూడా రెండు నెలల పైచిలుకు మాత్రమే ఉన్నాడు. 2017లో, పాయింట్లు సమమైనా వేసిన గోల్స్‌కు, ఇచ్చిన గోల్స్‌కు మధ్య తేడా లెక్కలో వెనుకబడి, రోవర్స్ మూడో శ్రేణికి పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత కిందికి పోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడే రెండో శ్రేణికి తిరిగి వచ్చింది.

మీరు షెడ్డు నడిపేవారు కనుక దీన్ని మీ పనితోనే పోల్చి చెప్పవచ్చు. కోడిపిల్లలు దిగిన మొదటి వారం రాత్రిపూట షెడ్డులోకి వెళ్లి, పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే చలి అనీ, దూరం జరిగితే వేడి అనీ గుర్తించేది మీరే. ఎండాకాలం గోనె సంచులు తడిపి ఎప్పుడు కట్టాలో, కింద పరిచిన ఊక ఎప్పుడు తిరగేయాలో మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కరలేదు. డాక్టర్ బి.వి. రావు 1971లో స్థాపించిన ఆ సంస్థ తన వ్యాపారంలో పెరిగింది కూడా ఇలాంటి తెలివితేటలతోనే. ఆయన సంతానం ఫుట్‌బాల్ విషయానికి వచ్చేసరికి ఆ పద్ధతిని పక్కన పెట్టి, పుణెలో కూర్చొని, ఆట తెలిసినవారిని తీసేసి, ఆటగాళ్లను అమ్మేవారి మాట విన్నారు. దాణా అమ్మే ఏజెంటునే షెడ్డు సూపర్‌వైజరుగా పెట్టుకుంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

ప్రశ్న: నేను మిర్యాలగూడ ప్రాంతంలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఊరంతా తమదే అనుకునే క్లబ్బును ఎక్కడివారో కొని పాడుచేస్తుంటే అక్కడి ప్రజలు అడ్డుకోలేరా? అభిమానులు టికెట్లు కొనడం మానేస్తే యజమాని దిగిరాడా?
— ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: చట్టం దృష్టిలో ఇంగ్లండు క్లబ్బు ఒక కంపెనీ. తాతల కాలం నుంచి సీజన్ టికెట్ కొంటున్న కుటుంబానికి కూడా అందులో ఓటు ఉండదు. జర్మనీలో మాత్రం సభ్యుల సంఘానికి సగానికి మించి ఓట్లు ఉండాలన్న నియమం కారణంగా, కొద్ది మినహాయింపులు తప్ప, ఒక్క వ్యక్తి క్లబ్బును పూర్తిగా చేజిక్కించుకోలేడు.

బ్లాక్‌బర్న్ అభిమానులు చేయవలసినవన్నీ చేశారు. ఊరేగింపులు తీశారు. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి జట్టు జారిపోయిన మ్యాచ్‌లో క్లబ్బు రంగులు చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. చాలామంది రావడమే మానుకున్నారు. సుమారు 31 వేల మంది పట్టే సొంత మైదానం ఈవుడ్ పార్కులో సగం కుర్చీలు ఖాళీగా ఉన్న మ్యాచ్‌లు లెక్కలేనన్ని. అయితే ఆ బహిష్కారం యజమానికి తగలదు. క్లబ్బు నడిచేది ఆయన ఇచ్చే అప్పు మీద కనుక, టికెట్ల రాబడి తగ్గితే ఆయన మీద క్లబ్బు ఇంకొంచెం ఎక్కువగా ఆధారపడుతుంది, అంతే.

పోర్ట్స్‌మత్ కథ వేరు. 2008లో ఎఫ్‌ఏ కప్పు గెలిచిన ఆ క్లబ్బు రెండేళ్లలో దివాలా ప్రక్రియలోకి వెళ్లి, ఐదేళ్లలో నాలుగో శ్రేణికి పడిపోయింది. 2013లో అభిమానుల ట్రస్టు దానిని కొనగలిగింది. కారణం, అక్కడి యజమానులు చేతులెత్తేయడంతో క్లబ్బు అమ్మకానికి వచ్చింది. బ్లాక్‌బర్న్‌లో జీతాలు అందుతూనే వచ్చాయి. డబ్బు ఆపేసే చెడ్డ యజమాని కంటే, డబ్బు ఇస్తూనే పట్టించుకోని యజమానిని వదిలించుకోవడం కష్టమని నా అభిప్రాయం.

ఆ డబ్బు కూడా తరువాత సాఫీగా వెళ్లలేదు. భారతదేశంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దర్యాప్తు వల్ల, 2023 నుంచి క్లబ్బుకు నిధులు పంపడానికి వెంకీస్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో, సొంత అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. ఆ కుర్రవాడు కొద్ది నెలలకే ఇంగ్లండు జాతీయ జట్టులో కనిపించాడు.

2025లో బ్రిటన్ పార్లమెంటు ఇంగ్లండు క్లబ్బుల మీద స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరుస్తూ చట్టం చేసింది. యజమాని యోగ్యతను, ఆర్థిక స్తోమతను పరీక్షించే అధికారం దానికి ఉంది. మ్యాచ్‌కు రాని యజమానిని రప్పించే సెక్షన్ మాత్రం అందులో లేదు.