ఫొటోలన్నీ ఒకే నెలలో ఎందుకు పడ్డాయి?

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హన్మకొండల ఫొటో స్టూడియో. 2016 నుంచి తీసిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్కూల్ గ్రూప్ ఫొటోలు అన్నీ ఒక పాత హార్డ్‌డిస్క్‌ల ఉన్నయి. 'న్యూ ఫోల్డర్', 'న్యూ ఫోల్డర్ 2' అనుకుంట వందల ఫోల్డర్లు. కొత్త డిస్క్‌కు కాపీ చేసి, మా పిల్లగానితోని పైథాన్‌ల స్క్రిప్ట్ రాయించి సంవత్సరం, నెల వారీగ సర్దిపిచ్చిన. ఫొటోలన్నీ పోయిన నెల ఫోల్డర్‌లనే పడ్డయి. ఖరాబైనట్టేనా? - స్టూడియో యజమాని, హన్మకొండ

జవాబు: ఫొటోలకు ఏమీ కాలేదు. స్క్రిప్ట్ ప్రతి ఫొటో ఫైల్‌కున్న 'క్రియేటెడ్' (ఫైల్ పుట్టిన) తేదీని చూసింది, అంతే. విండోస్‌లో ఫైల్‌ను ఇంకో డిస్క్‌కు కాపీ చేస్తే కాపీ అయిన క్షణమే దాని క్రియేటెడ్ తేదీ అవుతుంది. 'మాడిఫైడ్' (చివరిసారి మారిన) తేదీ మాత్రం పాతదే ఉంటుంది. ఏదైనా ఒక పాత ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఆ ఫైల్ పుట్టకముందే మారినట్టు కనిపిస్తుంది.

కెమెరా బటన్ నొక్కిన సమయం జేపెగ్ లోపలే, ఎగ్జిఫ్ అనే భాగంలో ఉంటుంది. అక్కడ మూడు తేదీలు ఉండొచ్చు. మనకు కావలసింది 'డేట్‌టైమ్ ఒరిజినల్', ట్యాగ్ నంబర్ 36867. రెండోది 36868, డిజిటల్ రూపం వచ్చిన సమయం. కెమెరా ఫొటోలో ఈ రెండూ ఒకటే. మూడోది 306. ఫొటోషాప్‌లో దిద్ది సేవ్ చేసినప్పుడు మారిపోయేది ఇదే. స్క్రిప్ట్ ముందు 36867 చూడాలి, లేకపోతే 36868, అదీ లేకపోతే ఫైల్ పేరులో ఉన్న తేదీ, ఇంకేదీ దొరక్కపోతే మాడిఫైడ్ తేదీ. క్రియేటెడ్ జోలికే పోవద్దు. మాడిఫైడ్‌తో సర్దిన వాటిని అసలు ఫోల్డర్లలో కలపకుండా 'అనుమానం' అనే ఫోల్డర్ కింద వేయించండి. తర్వాత మీరు కళ్లతో చూసి తేల్చుకోవచ్చు.

పైథాన్‌లో ఫొటోలు చదివే పిల్లో (Pillow) లైబ్రరీతో రాస్తుంటే ఒక చిక్కు ఉంది. గెట్‌ఎగ్జిఫ్ పిలిచి నేరుగా 36867 అడిగితే సాధారణంగా ఖాళీ వస్తుంది. ట్యాగ్ లేదని కాదు, అది లోపలి పట్టికలో ఉంటుంది. గెట్‌ఎగ్జిఫ్ ఇచ్చిన దాని మీద గెట్-ఐఎఫ్‌డీ (మధ్యలో అండర్‌స్కోర్) పిలిచి 34665 అనే నంబర్ ఇస్తే ఆ పట్టిక చేతికొస్తుంది. 36867ను అందులో అడగాలి. 306 మాత్రం పై పట్టికలోనే సులువుగా దొరుకుతుంది. దాన్ని పట్టుకొని సర్దితే ఆల్బమ్ డిజైన్ చేసిన తేదీకి ఫొటోలు పోతాయి, పెళ్లి తేదీకి కాదు.

ఎగ్జిఫ్ తేదీ 2018:11:23 21:45:07 అనే తీరులో వస్తుంది. సంవత్సరం, నెల, రోజు మధ్య కూడా కోలన్లే ఉంటాయి. విండోస్ ఫోల్డర్ పేరులో కోలన్‌ను ఒప్పుకోదు కాబట్టి ముందు దాన్ని డేట్‌టైమ్‌గా మార్చి, మళ్లీ 2018-11 అని రాయించాలి. ఇక్కడ ఎక్కువ మంది పడే గుంత: తేదీ తీరు చెప్పేటప్పుడు పర్సెంట్ గుర్తు తర్వాత చిన్న ఎం వేస్తే నెల, పెద్ద ఎం వేస్తే నిమిషం. ఫోల్డర్లలో 2018-45 లాంటిది కనిపిస్తే కారణం అదే. కొన్ని ఫైళ్లలో తేదీ అంతా సున్నాలే ఉంటుంది. దాన్ని మార్చబోతే స్క్రిప్ట్ మధ్యలోనే ఆగిపోతుంది. ఎర్రర్ వచ్చినా ఆగకుండా చూసే ట్రై-ఎక్సెప్ట్ పెట్టి వాటినీ 'అనుమానం'లోకి పంపండి.

ఇంకో ప్రమాదం పేర్లది. కెమెరా డీఎస్‌సీ_9999 దాటాక మళ్లీ 0001కు వస్తుంది. రెండు కెమెరాలు ఉంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే నెలలో ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫొటోలు ఉండటం మామూలే. పైథాన్‌లో ఫైళ్లను కాపీ చేసే షటిల్ (shutil) మాడ్యూల్‌లోని కాపీ2 గమ్యంలో అదే పేరు ఉంటే అడగకుండా దాని మీదే రాసేస్తుంది. పూర్తి ఫైల్ దారి ఇచ్చి మూవ్ వాడినా అంతే. పాత ఫొటో పోయినట్టు ఎర్రర్ కూడా రాదు. అందుకని కొత్త పేరు ముందు తేదీ, సమయం చేర్చండి: 20181123_214507_ తర్వాత పాత పేరు. అప్పటికీ పేరు కలిస్తే రెండింటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటి కోడ్) పోల్చండి. ఒకటే అయితే వదిలేయాలి, వేరైతే చివర _2 చేర్చాలి.

కాపీ2నే వాడాలి. ఉత్త కాపీ వాడితే మాడిఫైడ్ తేదీ కూడా ఇవాళ్టిది అయిపోతుంది, ఎగ్జిఫ్ లేని ఫైళ్లకు మిగిలిన ఆ ఒక్క ఆధారం పోతుంది. మొదటిసారి అసలు కాపీయే చేయకుండా, ఏ ఫైల్ ఎక్కడికి పోతుందో వరసగా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయించి చదవండి. తర్వాత ఒక్క ఫోల్డర్ మీద నడపండి. మొత్తం అయ్యాక జేపెగ్‌లు ఎన్ని, రా (RAW, కెమెరా ముడి ఫొటో) ఫైళ్లు ఎన్ని అని విడివిడిగా రెండు వైపులా లెక్కపెట్టండి. తేడా వస్తే, అది హ్యాష్ కలిసి వదిలేసిన ఫైళ్ల సంఖ్యతో సరిపోవాలి. ఆ లెక్క కుదిరేదాకా పాత డిస్క్‌లో ఒక్క ఫైల్ కూడా తుడవొద్దు.

సీఆర్2, ఎన్‌ఈఎఫ్ లాంటి రా ఫైళ్లు ఉంటే పిల్లోతో తిప్పలు పడకుండా ఎగ్జిఫ్‌టూల్ వాడటం మేలు. ఫిల్ హార్వే రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. విండోస్‌కు దిగేది ఎగ్జిఫ్‌టూల్(-కె) అనే పేరుతో ఉంటుంది. బ్రాకెట్ భాగం తీసేసి పేరు మార్చండి, లేకుంటే ప్రతిసారీ ఎంటర్ కొట్టమని ఆగుతుంది. దాని పక్కన వచ్చే ఎగ్జిఫ్‌టూల్_ఫైల్స్ ఫోల్డర్‌ను కూడా అక్కడే ఉంచాలి. డైరెక్టరీ ట్యాగ్‌కు తేదీ ట్యాగ్‌ను అప్పగిస్తే ఫోల్డర్లు అదే కట్టుకుంటుంది. రెండు మూడు అప్పగింతలు ఇస్తే చివరిది గెలుస్తుంది కాబట్టి మాడిఫైడ్‌ను ముందు, డేట్‌టైమ్ ఒరిజినల్‌ను చివర రాయాలి. పైథాన్‌లో చెప్పిన వరసకు ఇది తలకిందులు. కమాండ్‌ను బ్యాచ్ ఫైల్‌లో పెడితే ప్రతి పర్సెంట్ గుర్తునూ రెండుసార్లు వేయాలి. గమ్యంలో అదే పేరు ఉంటే ఎగ్జిఫ్‌టూల్ దాని మీద రాయదు, హెచ్చరించి ఊరుకుంటుంది. మామూలుగా నడిపితే ఫైళ్లను జరిపేస్తుంది. కాపీ కావాలంటే ఇంగ్లిష్ చిన్న అక్షరం ఓ ఆప్షన్ (-o), ఆ తర్వాత ఒక చుక్క చేర్చండి.

ప్రశ్న: నేను జనగామ దగ్గర ఒక ఊళ్లో టీచర్‌ని. బడి కార్యక్రమాల ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులోనే ఉంటాయి. స్క్రిప్ట్ వాటిలో తేదీ లేదంటోంది. ఎలా సర్దాలి? - ఉపాధ్యాయురాలు, జనగామ జిల్లా

జవాబు: వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గించి, ఎగ్జిఫ్ మొత్తం తీసేస్తుంది. ఇక మిగిలేది పేరే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఐఎంజీ-20240126-డబ్ల్యూఏ0007 అన్నట్టు ఉంటుంది. మధ్యలోని 8 అంకెలే తేదీ. వాట్సాప్ వెబ్ నుంచి దించితే పేరు మధ్యలో 2024-01-26 అని గీతలతో వస్తుంది. రెంటికీ రెండు నమూనాలు రాయాలి.

పేరులో వరసగా 8 అంకెలు కనిపిస్తే చాలు, తేదీ అనుకోవద్దు. కొన్ని ఆప్‌లు 1708473600000 లాంటి 13 అంకెల పేరు పెడతాయి. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క. వెయ్యితో భాగించి మార్చితే 2024 ఫిబ్రవరి 21, మన టైమ్ ప్రకారం పొద్దున 5:30 అవుతుంది. మొదటి 8 అంకెలు తీసుకుంటే 1708వ సంవత్సరం, 47వ నెల! సంవత్సరం 2005 నుంచి ఈ ఏడు దాకా, నెల 1 నుంచి 12 దాకా ఉంటేనే ఒప్పుకొనేలా షరతు పెట్టండి. 8 అంకెలకు ముందూ వెనకా ఇంకో అంకె ఉండకూడదనీ చేర్చండి.

వాట్సాప్ పేరులోని తేదీ గ్రూపులో పడ్డ తేదీ, తీసిన తేదీ కాదు. జనవరి 26 జెండా వందనం ఫొటోను ఎవరైనా ఫిబ్రవరిలో ఫార్వర్డ్ చేస్తే అది ఫిబ్రవరిలోనే కూర్చుంటుంది. దీన్ని ఏ స్క్రిప్టూ సరిచేయలేదు. వాట్సాప్ ఫొటోలకు నెల లోపల విడిగా ఒక ఫోల్డర్ ఉంచండి. ఇకమీదట ముఖ్యమైన ఫొటోలను 'డాక్యుమెంట్'గా పంపమని గ్రూపులో చెప్పండి. అట్లా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు, ఎగ్జిఫ్‌తో సహా వస్తుంది.

ప్రశ్న: రోజు వారీగా సర్దితే ఒకే పెళ్లి రెండు ఫోల్డర్లలో చీలిపోతోంది. ముహూర్తం రాత్రి 2:10కి. ఫొటోలు 23వ తేదీలో, అదే సమయంలో ఫోన్‌తో తీసిన వీడియోలు 22లో పడ్డాయి. రెండో కెమెరా ఫొటోలు అసలు వరసలోనే లేవు. - వీడియోగ్రాఫర్, పరకాల

జవాబు: ఇందులో మూడు వేర్వేరు తప్పులు కలిసి ఉన్నాయి.

వీడియోల సంగతి ముందు. ఎంపీ4, ఎంఓవీ ఫైళ్లలో క్రియేట్‌డేట్‌ను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయాలని నియమం. మన టైమ్‌కు అది 5 గంటల 30 నిమిషాలు వెనక. 23 రాత్రి 2:10కి తీసిన వీడియోలో 22వ తేదీ 20:40 అని ఉంటుంది. పైథాన్‌లో 5:30 కలపండి. ఎగ్జిఫ్‌టూల్‌లో క్విక్‌టైమ్‌యూటీసీ అనే ఏపీఐ ఆప్షన్ ఇస్తే కంప్యూటర్ టైమ్ జోన్‌కు అదే మారుస్తుంది. ఫోన్లు ఈ నియమం పాటిస్తాయి, కెమెరాల్లో మాత్రం కొన్ని స్థానిక సమయమే రాసేస్తాయి. గడియారం చూసి ఒక చిన్న వీడియో తీసి, లోపలి సమయం చదివి తేల్చుకోండి. ఒక్కో కెమెరాకు ఒకసారి చూస్తే చాలు.

రెండోది అర్ధరాత్రి. ఫోల్డర్ పేరు కోసం మాత్రమే, సమయంలోంచి 5 గంటలు తీసేసి తేదీ తీసుకోండి. అప్పుడు రోజు తెల్లవారుజామున 5కు మొదలైనట్టు లెక్క, ముహూర్తం ఫొటోలు 22లోనే ఉంటాయి. ఫైల్ పేరులో అసలు సమయమే ఉండాలి. వీడియోలను సరిచేయకుండా ఈ కిటుకు ఒక్కటే పెడితే ముహూర్తం వీడియోలు కాకతాళీయంగా సరైన చోటే పడి, సమస్య తీరినట్టు అనిపిస్తుంది. కానీ పొద్దున 5 నుంచి 10:30 మధ్య తీసిన వీడియోలన్నీ ముందు రోజుకు పోతాయి. పగటి ముహూర్తం పెళ్లిలో అది బయటపడుతుంది.

మూడోది రెండో కెమెరా గడియారం. రెండు కెమెరాలూ పట్టుకున్న ఒకే క్షణం వెతకండి. జీలకర్ర-బెల్లం పెట్టే ఘడియ దీనికి బాగా పనికొస్తుంది, రెండో ఫొటోగ్రాఫర్ కూడా దాన్ని వదలడు. రెండు ఫొటోల ఎగ్జిఫ్ సమయాల తేడా ఎంతో చూసి, రెండో కెమెరా వెనకబడి ఉంటే దాని ఫొటోలన్నిటికీ అంతే కలపాలి, ముందుంటే అంతే తీసేయాలి. ఎగ్జిఫ్‌టూల్‌లో ఆల్‌డేట్స్‌కు ప్లస్-ఈక్వల్ (తీసేయాలంటే మైనస్-ఈక్వల్) పెట్టి గంటలు, నిమిషాలు, సెకన్లు ఇస్తే మూడు తేదీలూ ఒకేసారి జరుగుతాయి. ఇదే కమాండ్ పొరపాటున రెండోసారి నడిపితే తేడా రెట్టింపు అవుతుంది. మొదటిసారికి 'ఒరిజినల్' అనే తోకతో అది దాచిపెట్టే పాత ఫైళ్లను అందుకే వెంటనే తీసేయొద్దు. బయలుదేరే ముందు అన్ని కెమెరాలతో ఒకే ఫోన్ గడియారాన్ని ఫొటో తీస్తే వెతుకులాట ఉండదు.

ప్రశ్న: నెలల వారీగా కాకుండా మేడారం, బతుకమ్మ అని పేర్లతో ఫోల్డర్లు కావాలి. వీలవుతుందా? - కాలేజీ విద్యార్థి, ములుగు

జవాబు: అవుతుంది. ఎక్సెల్‌లో మూడు కాలమ్‌లు చాలు: మొదటి తేదీ, చివరి తేదీ, పేరు. ఉదాహరణకు 2024-02-21, 2024-02-24, మేడారం. ఇంకో వరసలో 2024-10-02, 2024-10-10, బతుకమ్మ. ఫొటో తేదీ ఆ మధ్యలో పడితే '2024-02-21 మేడారం' ఫోల్డర్, లేకుంటే మామూలు నెల ఫోల్డర్. సంవత్సరం ముందు రాస్తేనే ఫోల్డర్లు కాలక్రమంలో నిలబడతాయి. 21-02-2024 అని రాస్తే అన్ని ఏళ్ల 21వ తేదీలూ ఒకచోట చేరతాయి. ఇవి తిథుల మీద వచ్చేవి కాబట్టి లెక్కగట్టించే ప్రయత్నం వద్దు, ఏటా ఒక వరస చేత్తో చేర్చండి. బతుకమ్మకు దగ్గరలోనే దసరా ఉంటుంది కనుక తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోండి.

సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. పైథాన్‌లో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి, లేకుంటే మొదటి కాలమ్ ముందు కనిపించని గుర్తు అంటుకొని మొదటి తేదీ చదవడం తప్పుతుంది. తేదీల కాలమ్‌లను ముందే 'టెక్స్ట్'గా పెట్టుకోండి. ఎక్సెల్ తనకు నచ్చిన తీరులోకి తేదీలను మార్చేస్తుంది.

ప్రశ్న: రా, జేపెగ్ రెండూ కలిపి తీస్తాను. సర్దాక జతలు విడిపోయాయి. - పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్క్రిప్ట్ ఒక్కో ఫైల్‌ను విడిగా చూస్తే అంతే. ఒకే ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్ తీసేస్తే పేరు కలిసే ఫైళ్లను ఒక గుంపుగా కట్టి, రా ఫైల్ తేదీనే అందరికీ వాడండి. ఎక్స్‌ఎంపీ ఫైళ్లు కూడా ఆ గుంపులోనే కదలాలి, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో మీరు చేసిన దిద్దుబాట్లు వాటిలో ఉండొచ్చు. _2 లాంటి తోక చేర్చాల్సి వస్తే గుంపులోని ప్రతి ఫైల్‌కూ అదే తోక చేర్చాలి.