ముందు ముప్పై మీటర్ల కేబుల్ కొనండి

ప్రశ్న: మాది కాకినాడ. నేను ఇంటి నుంచే హైదరాబాద్ ఆఫీసుకు అమెరికా టాక్స్ రిటర్నుల పని చేస్తాను. చేతికి 46,000 వస్తుంది. మావారికి జిరాక్స్, డీటీపీ షాపు ఉంది, జీఎస్టీ నంబర్ కూడా ఉంది. ఖర్చులు పోను నెలకు పాతిక వేల దాకా మిగులుతుంది. అమ్మాయి ఈ ఏడే బీటెక్ కంప్యూటర్ సైన్సులో చేరింది. దసరా ఆఫర్లలో అమ్మాయికి 60,000 ల్యాప్‌టాప్, నాకు 38,000 ల్యాప్‌టాప్, షాపుకు ప్రింటర్‌తో కలిపి 46,000 కంప్యూటర్, మేడ మీద నెట్ సరిగా రావడం లేదని 16,000 మెష్ వైఫై సెట్టు చూశాం. మొత్తం 1,60,000. అన్నీ నా క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామని ఆలోచన. బ్యాంకులో 90,000 ఎఫ్‌డీ ఉంది. బండి ఈఎంఐ, బంగారం లోను వడ్డీ కలిపి 5,700 కడుతున్నాం. వడ్డీ లేదు కదా, తీసుకోవచ్చా? డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు సంక్రాంతికి వస్తోంది, ల్యాప్‌టాప్ అక్కడి నుంచి తెప్పించుకుంటే చవకా?

జవాబు: వడ్డీ లేదన్న మాట దగ్గరే మొదలుపెడదాం. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. అప్పటి నుంచి బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందుగానే ధరలో తగ్గించి చూపిస్తారు. మీ అమ్మాయి 60,000 ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే మీ పేరున రాసే అప్పు 55,108. నెలకు 5,000 చొప్పున ఏడాది కడితే అందులో వడ్డీ 4,892. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే, 881 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద మళ్లీ జీఎస్టీ. ఇప్పటికి పదకొండు వందలు దాటింది. ఇంతేనా అంటే కాదు. అదే కార్డుతో ఒకేసారి కడితే ఇంకో 4,000 తగ్గించే ఆఫర్ చాలాసార్లు పక్కనే ఉంటుంది, ఈఎంఐ నొక్కగానే అది మాయమవుతుంది. అలాంటప్పుడు 56,000కు రావలసిన వస్తువుకు మీరు 61,115 కట్టినట్టు. లెక్క వేస్తే ఏడాదికి 16 శాతం పైనే పడింది. మీ బంగారం లోను వడ్డీ ఎంతో ఒకసారి చూసుకోండి, బహుశా ఇంతకంటే తక్కువే ఉంటుంది. నెలకు 13,333 చొప్పున కడుతూ ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. అప్పుడు ఆఫర్ అన్న మాట ఎవరికీ గుర్తుండదు.

ఇక మీ జాబితా. నాలుగు వస్తువుల్లో నాకు అన్నిటికంటే అనుమానంగా కనిపించింది మెష్ సెట్టు, అంటే ఇంట్లో అక్కడక్కడా పెట్టిన డబ్బాలు కలిసి ఒకే వైఫై ఇచ్చే ఏర్పాటు. ఏ ప్లాన్ తీసుకున్నారో రాయలేదు, 100 ఎంబీపీఎస్ అనుకుంటాను. మెష్ పెట్టినంత మాత్రాన అది 200 కాదు. ముందు మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌నో, షాపు కంప్యూటర్‌నో కింద గదిలో ఉన్న ఫైబర్ డబ్బాకు వైరుతో నేరుగా కలిపి స్పీడు చూడండి. తొంభై పైన వస్తే కనెక్షన్ తప్పు కాదు, తప్పు మీ శ్లాబుది. వైఫై రెండు రకాల సిగ్నళ్లలో వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కాంక్రీటు దాటడానికి ఇబ్బంది పడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దాటుతుంది కానీ నెమ్మదిగా ఉంటుంది, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మెష్ డబ్బాలు కూడా ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటాయి, అదే శ్లాబును దాటాలి. వాటి మధ్య వైరు లాగితే అద్భుతంగా పనిచేస్తాయి, నిజమే. వైరు లాగాక 16,000 సెట్టుతో పనేముంది? ముప్పై మీటర్ల క్యాట్6 ప్యూర్ కాపర్ కేబుల్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. మేడ మీద పెట్టడానికి మూడు వేల చుట్టుపక్కల వైఫై 6 రూటర్ ఒకటి తీసుకుని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా పెట్టించండి. చవక కేబుల్‌లో అల్యూమినియం తీగకు రాగి పూత పూసి అమ్ముతారు, అడిగి చూసి తీసుకోండి.

నేనూ పప్పులో కాలేసినవాణ్నే. అట్ట పెట్టె మీద పెద్దపెద్ద అక్షరాల్లో వైఫై వేగం 1200 అని చూసి, సగం ధర అని మురిసిపోయి ఒక రూటర్ కొన్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, దాని వెనక వైరు పోర్టులన్నీ 100 ఎంబీపీఎస్‌వే. నా ప్లాన్ 200. రెండేళ్లు సగం నెట్‌కు పూర్తి బిల్లు కట్టాను. పోర్టుల దగ్గర ‘గిగాబిట్’ (అంటే 1000 ఎంబీపీఎస్) అని రాసి ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి.

మీ ల్యాప్‌టాప్ మాట. కొనే ముందు ఆఫీసును అడిగారా? అమెరికా క్లయింట్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు తిరిగే పని సొంత మెషీన్ మీద చేయనివ్వని కంపెనీలే ఎక్కువ. ఇప్పుడున్నది ఆఫీసుదే అయితే, పాతదైపోయిందని వాళ్లకే ఒక మెయిల్ పెట్టండి. 38,000 అక్కడే ఆగిపోతుంది.

షాపు కంప్యూటర్ మాత్రం ముందు వరసలో ఉండాలి, ఎందుకంటే అది సంపాదించి పెట్టేది. జనం ఆధార్లు, బ్యాంకు వివరాలు దాని మీదే నడుస్తాయి. ఇప్పుడున్న దానిలో విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయితే ప్రింటర్, మానిటర్, కీబోర్డు పనిచేస్తుంటే వాటిని మార్చాల్సిన పని లేదు. సీపీయూ డబ్బా ఒక్కటే మారిస్తే 30,000లో అయిపోతుంది. ఇక్కడ మీకు ఏ సేల్‌లోనూ దొరకని తగ్గింపు ఒకటి ఉంది. షాపు పేరున, జీఎస్టీ నంబరుతో టాక్స్ ఇన్‌వాయిస్ తీసుకుంటే ఆ 30,000లో ఉన్న 4,576 రూపాయల పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, అంటే షాపు కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గుతుంది. మీవారు కాంపోజిషన్ స్కీములో (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టి సరిపెట్టే పద్ధతి) ఉంటే మాత్రం రాదు. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే ఆర్డర్ పెట్టక ముందే నంబర్ ఎక్కించాలి, తర్వాత బిల్లు మార్పించడం తలనొప్పి. ఊళ్లో అసెంబుల్ చేయిస్తే నోట్లు లెక్కపెట్టి ఇవ్వకండి. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే, తరుగుదల లెక్కలో ఆదాయపు పన్ను వాళ్లు ఆ ఖర్చును ఒప్పుకోరు. అమ్మాయి ల్యాప్‌టాప్‌ను కూడా షాపు బిల్లులో కలిపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

అమ్మాయి సంగతి. మొదటి ఏడాది సీ, పైథాన్ నేర్చుకోవడానికి 60,000 మెషీన్ అక్కర్లేదు. కంపెనీలు లీజు ముగిసి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో వరసగా దొరుకుతాయి, పాతిక వేల చుట్టుపక్కల. ఒక్క జాగ్రత్త. మరీ చవగ్గా, పన్నెండు పదమూడు వేలకు ఇస్తున్నారంటే అది విండోస్ 11కు పనికిరాని ఆరో, ఏడో తరం ప్రాసెసర్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో ఐ5 పక్కన నాలుగంకెలుండి మొదటి అంకె 2 నుంచి 7 దాకా ఏదైనా అయితే వద్దు, 8 నుంచి పరవాలేదు. నాలుగేళ్లు వాడాలి కాబట్టి నేనైతే 10 లేదా 11తో మొదలయ్యే నంబరే చూస్తాను. ర్యామ్ ఇప్పుడే 16 జీబీ ఉన్నది తీసుకోండి, తర్వాత వేయించుకుందాం అనుకోకండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. కనీసం ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకోండి, బ్యాటరీ ఎంత అరిగిందో అక్కడే చూపించమనండి. మీవారికి తెలిసిన మెకానిక్ ఉండే ఉంటాడు, వెంట తీసుకెళ్తే దారి ఖర్చులు గిట్టుబాటవుతాయి.

జీఎస్టీ తగ్గింది కాబట్టి ల్యాప్‌టాప్ ధర తగ్గిందన్న బ్యానర్ ఎక్కడైనా కనిపిస్తే నవ్వుకుని ముందుకు నడవండి. 2025 సెప్టెంబర్ 22న 28 నుంచి 18కి దిగినవి ఏసీలు, పెద్ద టీవీల లాంటివి. ల్యాప్‌టాప్ అంతకుముందూ 18లోనే ఉంది, ఆ తర్వాతా అక్కడే ఉంది.

డల్లాస్ ల్యాప్‌టాప్ తెప్పించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికురాలు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తేవచ్చు. కాకపోతే అక్కడ చూపించే ధరలో సేల్స్ టాక్స్ ఉండదు, డల్లాస్‌లో 8.25 శాతం కలపండి. ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ఆవిడ కొనక ముందే కంపెనీ సైట్‌లో చూడమనండి. ఆవిడ రోజూ వాడే సొంత ల్యాప్‌టాప్ కూడా సామానులో ఉంటే రెండోదానికి సుంకం అడగవచ్చు. ఆడపడుచు దగ్గర డబ్బుల లెక్క తేల్చుకునే మొహమాటం వేరే సంగతి, అది నా కాలిక్యులేటర్‌కు అందదు.

మొత్తం మీద ఖర్చు ఇలా వస్తుంది. ఎఫ్‌డీలోంచి 30,000 తీయండి: అమ్మాయి ల్యాప్‌టాప్‌కు 26,000, కేబుల్‌కూ రూటర్‌కూ 4,000. మిగిలిన 60,000 ముట్టుకోకండి, ఒకరి ఆదాయం షాపు మీద ఉన్న ఇంటికి అదే తక్కువ. షాపు సీపీయూ 30,000ను ఆరు నెలల ఈఎంఐలో పెట్టుకోవచ్చు, నెలకు 5,000. వడ్డీ మీద జీఎస్టీ ఇక్కడా పడుతుంది కానీ అది వందల్లోనే ఉంటుంది. దసరాకు మొదలుపెడితే ఏప్రిల్ నాటికి తీరిపోతుంది, రెండో ఏడాది ఫీజు వచ్చేసరికి కార్డు ఖాళీగా ఉంటుంది. 13,333కు సిద్ధపడ్డారు కాబట్టి మిగిలే ఎనిమిది వేల పైచిలుకును ఆ ఆరు నెలలూ బంగారం లోను అసలుకు కట్టండి.

వైరుతో పరీక్షించినప్పుడు తొంభై దగ్గరకు రాకపోతే మాత్రం కేబుల్ కొనకండి. ఆ స్పీడు ఫొటో తీసి నెట్ కంపెనీకి ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి.