మోడం లేకుండా పిడుగు

మీ ప్రశ్న: "నిన్న మా మిద్దె మీదుగా ఒక యుద్ధవిమానం బాగా కిందుగా వెళ్లింది. పది నిమిషాల దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంత భయపడటం మామూలేనా? మీకెవరికైనా ఇలా జరిగిందా?"

మామూలే. మీకు చేతులు మాత్రమే వణికాయి, నేనైతే వామి మీద నుంచి కింద పడ్డాను.

మా జేజి వాళ్లది అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాకు 11 ఏళ్లప్పుడు దసరా సెలవులకు అక్కడికి పోయాను. శెనక్కాయ చెట్టు పీకి వామి వేశారు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వేపచెట్టు నీడన కూర్చొని కాయలు తెంపుతున్నారు. నేను వామెక్కి కాళ్లు వేలాడేసుకొని కాయలు ఒలుచుకొని తింటున్నా. ఆకు కదలడం లేదు. గాజుల చప్పుడు, కాయలు చేటలో పడే చప్పుడు, అంతే.

ఆ తర్వాత ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఇప్పటికీ వరసగా చెప్పలేను. కొత్త కోరా గుడ్డను రెండు చేతులా పట్టుకొని పర్రున చించితే ఎట్లుంటుంది? ఆకాశమంత గుడ్డను ఎవరో మా నెత్తి మీద అట్లా చించారు. అది చెవికి వినబడిందనడం కంటే కడుపులో తగిలిందనడమే నిజం. తల ఎత్తి చప్పుడు వచ్చిన వైపు చూస్తే అక్కడ ఏమీ లేదు, ఖాళీ ఆకాశం. అప్పటికే నేను కింద ఉన్నా, నోట్లో మట్టి.

పడినచోటనే ఉండి రెండోదాన్ని మాత్రం కళ్లారా చూశాను. అవి జంటగా వచ్చాయి. చెరువు కట్ట అవతలి గుట్ట వెనక నుంచి పైకి లేచి నేరుగా మా మీదికే వచ్చింది. బూడిదరంగు పొట్ట, దాని వెనక పొయ్యి మీద వణికినట్టు వణుకుతున్న గాలి. అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది దాని నీడ. చేను మీద పరుగెత్తుకుంటూ వచ్చి, వేపచెట్టునూ మమ్మల్నీ తొక్కి దాటిపోయింది. కాసేపటికి కిరసనాయిలు వాసన. (జెట్ విమానాలకు పోసేది ఒక రకం కిరసనాయిలే అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరి లాంతరో పగిలిందనుకున్నా.)

మా జేజి రెండు చెవులూ మూసుకొని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటూ ఉంది. పిడుగు పడితే అనేది అదే కదా. ఎండ ఫెళఫెళలాడుతుంటే పిడుగు ఎట్లా వస్తుందని ఆమెకు ఆ తర్వాత అనుమానం వచ్చింది. "మోడం ల్యాకుండా పిడుగేందిరా?" అని నన్నే అడిగింది, నేనేదో పంపించినట్టు. (మోడం అంటే మా వైపు మబ్బు.) కాయలు తెంపే ఒకామెకు నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగదే. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది. ఎద్దులు పలుపులు తెంపుకొని పోతే మా చిన్నాయనకు అవి సాయంత్రానికి గానీ దొరకలేదు.

మీరు అడిగిన దానికి వస్తాను. భయానికి కారణం చప్పుడు పెద్దది కావడం ఒక్కటే కాదు. పెళ్లి బ్యాండు పక్కన నిలబడితే అదీ చెవులు పగలగొడుతుంది, కానీ ఎవరూ కింద పడరు. అసలు తిరకాసు వేగంలో ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 250 మీటర్లు. రెండు కిలోమీటర్ల దూరంలో మీ వైపు బయల్దేరితే, దాని చప్పుడు మీ దగ్గరికి 6 సెకన్లలో వస్తుంది, విమానం 8 సెకన్లకే వచ్చేస్తుంది. అంటే మీకు మిగిలింది 2 సెకన్లు. అదే దూరం నుంచి 60లో వచ్చే ఆర్టీసీ బస్సయితే రెండు నిమిషాలు పడుతుంది. దాని రొద మెల్లగా పెరుగుతూ వస్తుంది, మనసు సిద్ధమవుతుంది, సంచి కూడా సర్దుకుంటాం. ఇక్కడ ఆ 2 సెకన్లు కూడా పూర్తిగా దక్కవు. జెట్ ఇంజను రొద ఎక్కువగా వెనక్కి కొడుతుంది, కాబట్టి ఎదురుగా వస్తున్నప్పుడు వినబడేది తక్కువ. మధ్యలో గుట్టో, నాలుగు మిద్దెలో అడ్డముంటే అదీ లేదు. మీ మిద్దె మీద జరిగింది అదే అయ్యుంటుంది.

ఖాళీ ఆకాశం కనబడటానికీ ఇదే కారణం. చప్పుడు ఎక్కడ పుట్టిందో చెవి అటే చూపిస్తుంది. అది మన దాకా వచ్చేలోపు విమానం ముందుకు పోయుంటుంది.

ఇక ఒళ్లు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే కన్ను మూసుకోవడం, భుజాలు పైకి లేవడం, మెడ లోపలికి పోవడం, ఇవన్నీ మనం ఆలోచించి చేసేవి కావు. మెదడు అడుగుభాగం నుంచే ఆ పని నడిచిపోతుంది. కన్ను ఆర్పడానికి సెకనులో 20వ వంతు కూడా పట్టదు. అది విమానమని అర్థమయ్యేసరికి ఒంట్లో అడ్రినలిన్ విడుదలైపోయి ఉంటుంది. అది దిగడానికి టైమ్ పడుతుంది, మీ చేతులు పది నిమిషాలు వణికింది అందుకే. పిరికితనం అని ఎవరైనా అంటే వాళ్లను ఒకసారి వామెక్కించండి.

వాళ్లు అంత కిందికి ఎందుకు వస్తారని కూడా చాలామంది తిడుతుంటారు. రాడార్ తరంగాలు ఇంచుమించు నేరుగా పోతాయి, గుట్ట అవతల ఏముందో వాటికి కనబడదు. నేలను అంటిపెట్టుకొని పోవడం నేర్చుకుంటే శత్రువు రాడార్‌కు చివరి దాకా దొరక్కుండా పోవచ్చు. ఆ విద్య గాలిలో తప్ప ఎక్కడా రాదు మరి. నాకు కోపమైతే లేదు, ఎద్దులు వెతికినోడు మా చిన్నాయన కాబట్టి ఆయన సంగతి చెప్పలేను.

అలవాటు పడతారా అంటే, పడతారు. ఉద్యోగం కోసం బెంగళూరు పోయినప్పుడు మురుగేశ్‌పాళ్యలో రూమ్ తీసుకున్నా. హెచ్‌ఏఎల్ పాత విమానాశ్రయం రన్‌వేకి పక్కనే. తేజస్ యుద్ధవిమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీయే ఆ హెచ్‌ఏఎల్, ఇక పరీక్షల కోసం ఎగిరేవాటికి లెక్క లేదు. మొదటి వారం ప్రతిసారీ ఉలిక్కిపడ్డా. ఊరి నుంచి మా అమ్మ వచ్చిన రోజు చేతిలో మంచినీళ్ల చెంబు జారవిడిచింది. నాలుగో రోజు పొద్దున పదైతే ఆమే, "ఈ పొద్దు ఇంకా రాలేదేందిరా?" అంది. చప్పుడు తగ్గలేదు, ఎదురుచూడటం మొదలైంది అంతే.

ఒక మాట, చాలామంది దీన్నీ సోనిక్ బూమ్‌నీ (విమానం శబ్దాన్ని మించిన వేగంతో పోతే పుట్టే ఢాం అనే చప్పుడు) కలిపేస్తారు. రెండూ వేరు. 2020 మే 20న లాక్‌డౌన్‌లో నేను అనంతపురం ఇంటి నుంచి ఆఫీసు కాల్‌లో ఉన్నా, మా టీమ్ అంతా బెంగళూరులోనే. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఉన్నట్టుండి ఒక్కొక్కరే మైకు ఆన్ చేసి, "నీకూ వినబడిందా? భూకంపమా?" అని అడగడం మొదలుపెట్టారు. కిటికీ అద్దాలు అదిరాయట, ఆకాశంలో మాత్రం ఏమీ లేదట. వాయుసేన తర్వాత వివరణ ఇచ్చింది. వాళ్ల పరీక్షల విభాగం విమానం ఊరికి బాగా దూరంగా, 36 నుంచి 40 వేల అడుగుల ఎత్తులో శబ్దాన్ని మించిన వేగం నుంచి దానికంటే కిందికి తగ్గేటప్పుడు పుట్టిన చప్పుడు అయ్యుంటుందని, 65–80 కిలోమీటర్ల అవతలున్న వాళ్లకు కూడా అది వినబడగలదని. కాబట్టి విమానం కనబడకుండా ఢాం మని మోగి అద్దాలు అదిరితే బూమ్. చించినట్టు చప్పుడై, పొట్ట కనబడితే మీరు చూసినలాంటిది.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఒకటి వచ్చినట్టు అనిపించగానే ఎత్తుకొని లోపలికి వెళ్లండి, వెనక రెండోది ఉండే అవకాశం ఎక్కువ. మిద్దె అంచున, నిచ్చెన మీద ఉన్నవాళ్లు ముందు ఏదో ఒకటి పట్టుకోండి, తర్వాత పైకి చూడొచ్చు. ఇది నా ఒంటి మీద నేర్చుకున్నది.

ఇదంతా మా ఇంటావిడకు చదివి వినిపిస్తే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆమెది కర్నూలు వైపు, ఆత్మకూరు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయినప్పుడు అక్కడే ఉంది, డిగ్రీ చదువుతూ. వాన, ముసురు. వెతకడానికి హెలికాప్టర్లు వచ్చాయి, సుఖోయ్ విమానాన్ని కూడా దించారు. వాళ్ల వీధిలో జనం టీవీలు వదిలి మిద్దెలెక్కారట. మోత దగ్గరికి వచ్చినప్పుడల్లా "దొరికినట్టుందే" అనేవాళ్లట. రాత్రి ఏ చప్పుడూ లేదట, ఆ రాత్రే భరించలేకపోయాం అంటుంది. మరుసటి రోజు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయి. ఐదుగురిలో ఎవరూ మిగల్లేదు.

ఇప్పటికీ హెలికాప్టర్ మోత వినబడితే చాలు, ఆమె పొయ్యి ఆర్పి మిద్దె మీదికి పోతుంది. మొన్నొకటి వెళ్తుంటే వెనకాలే పోయి టీ సంగతి అడిగాను.

"ఉండప్పా, అది పోనీ" అంది, ఆకాశం మీద నుంచి కళ్లు తిప్పకుండా.