డాక్టర్ కోసం వెళ్తే కుర్రాడొచ్చాడని క్లినిక్ మార్చేయకండి

మొన్న మా ఆడపడుచు కొడుకు ఫోన్ చేసాడు. ఎంఎస్ అయిపోయి ఈ మధ్యే జాబ్‌లో చేరాడు, ఇన్సూరెన్స్ కార్డు చేతికి రాగానే వాళ్ళ ఊళ్ళో యూనివర్సిటీ వాళ్ళ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాడంట. "అత్తా, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దుంటాడేమో, ఒక కుర్రాడొచ్చి అరగంట కూర్చుని అన్నీ అడిగాడు, తాతయ్యకి గుండెపోటు ఎన్నో ఏట వచ్చిందో కూడా అడిగాడు, ఇప్పుడే వస్తానని వెళ్ళి పావుగంటకి ఒక పెద్దావిడని వెంటబెట్టుకొచ్చాడు, ఆవిడ మళ్ళీ అవే అడిగింది, నన్ను స్టూడెంట్ల చేతిలో పెట్టేసారు, వేరే డాక్టర్‌ని చూసుకోనా?" అని అడిగాడు. వద్దు నాన్నా, మంచి చోటుకే వెళ్ళావు అని చెప్పా. నేను అమెరికా వచ్చి 19 ఏళ్ళయింది, అందులో ఎనిమిదేళ్ళుగా ఇలాంటి క్లినిక్‌లోనే రిఫరల్స్ (పేషెంట్లని స్పెషలిస్టుల దగ్గరికి పంపే పని) చూస్తున్నా, మనవాళ్ళలో ఎంతమందికి ఇదే అనుమానం వస్తుందో నాకు తెలుసు కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు ఆ కుర్రాడు స్టూడెంట్ కాదు, రెసిడెంట్. అంటే మెడికల్ కాలేజీ పూర్తి చేసి డాక్టర్ అయిపోయి, ఇంటర్నల్ మెడిసిన్‌లోనో ఫ్యామిలీ మెడిసిన్‌లోనో మూడేళ్ళ ట్రైనింగ్‌లో ఉన్న మనిషి. మొదటి ఏడాది వాళ్ళని ఇంటర్న్ అంటారు. వెనక వచ్చిన పెద్దావిడ అటెండింగ్, అంటే ట్రైనింగ్ అయిపోయిన సీనియర్ డాక్టర్, ఆవిడదే పూర్తి బాధ్యత. ఆ పావుగంటలో ఏం జరుగుతుందంటే, లోపల ఒక గదిలో అటెండింగ్ కూర్చుని ఉంటారు, రెసిడెంట్ వెళ్ళి మీ కథంతా ఆవిడకి చెప్పి నేనిలా అనుకుంటున్నా, ఈ టెస్టులు రాద్దామనుకుంటున్నా అంటే ఆవిడ ఇదెందుకు, అది అడిగావా అని నిలదీస్తారు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) రూల్ ప్రకారం మొదటి ఆరు నెలలు ఇంటర్న్ చూసిన పేషెంట్‌ని అటెండింగ్ కూడా స్వయంగా చూడాలి, ఆ తర్వాత మామూలు విజిట్లకి బయట డిస్కస్ చేస్తే చాలు, అప్పుడు కూడా ఒక అటెండింగ్ కింద ఒకేసారి నలుగురికి మించి రెసిడెంట్లు ఉండకూడదు, ఆ టైంలో ఆ అటెండింగ్‌కి వేరే పని పెట్టకూడదు. అంటే మీ ఒక్కరి గురించి ఇద్దరు డాక్టర్లు ఆలోచిస్తున్నారన్నమాట. అటెండింగ్ గదిలోకి రాకపోతే, నేను ఆవిడతో ఒకసారి మాట్లాడాలి అని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నిజంగా స్టూడెంట్ అయితే ముందే చెప్పి, ఉండొచ్చా అని అడుగుతారు, వద్దనే హక్కు మీది, ముఖ్యంగా ఆడవాళ్ళు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) లాంటివి ఉన్నప్పుడు మొహమాటపడకుండా వద్దని చెప్పండి, లేడీ డాక్టర్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి.

ఇక్కడ ఇబ్బంది వేరే ఉంది. రెసిడెంట్ రోజూ క్లినిక్‌లో ఉండడు, ఎక్కువ రోజులు హాస్పిటల్ వార్డులోనో ఐసీయూలోనో నైట్ డ్యూటీలోనో ఉంటాడు, చాలా ప్రోగ్రాముల్లో నాలుగు వారాలు అక్కడా ఒక వారం క్లినిక్‌లో అన్నట్టు నడుస్తుంది. అందుకే ఫోన్ చేస్తే మీ డాక్టర్‌కి వచ్చే నెల దాకా ఖాళీ లేదంటారు, అప్పుడు కోపం తెచ్చుకుని ఫోన్ పెట్టేయకుండా అదే టీమ్‌లో ఇంకెవరైనా ఉన్నారా అని అడగండి. ప్రతి రెసిడెంట్‌కీ ఒక టీమ్ ఉంటుంది, అందులో నర్సు, మెడికల్ అసిస్టెంట్, చాలా చోట్ల ఒక నర్స్ ప్రాక్టీషనర్ (పేషెంట్లని చూసి మందులు కూడా రాసే నర్సు) కూడా ఉంటారు, వీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు కాబట్టి వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోండి. రెండో ఇబ్బంది జూన్. మూడో ఏడాది వాళ్ళు జూన్ నెలాఖరుకి వెళ్ళిపోతారు, జూలైలో కొత్త ఇంటర్న్‌లు వస్తారు, వెళ్ళిపోయినవాళ్ళ పేషెంట్లందర్నీ కొత్తవాళ్ళకి పంచుతారు. కాబట్టి మీరు కొత్తగా చేరుతుంటే మొదటి ఏడాది రెసిడెంట్ కావాలని అడగండి, మూడేళ్ళు ఒకే మనిషి చూస్తారు. వెళ్ళిపోయిన డాక్టర్ పేరు మీదున్న రీఫిల్స్‌కి (అవే మందులు మళ్ళీ ఇవ్వడానికి) ఫార్మసీ వాళ్ళు రిక్వెస్ట్ పంపితే అది ఎవరికీ చేరకుండా ఆగిపోవడం నేను ప్రతి జూలైలో చూస్తున్నా, బీపీ మాత్రలు అయిపోయి నాలుగు రోజులు వేసుకోలేదని వచ్చేవాళ్ళుంటారు. మే నెలలోనే మూడు నెలల మందులు రాయించుకుని, నా తర్వాతి డాక్టర్ ఎవరు అని అడిగి పెట్టుకోండి.

ఫోన్ యాప్‌లో పంపే మెసేజ్ నేరుగా డాక్టర్‌కి వెళ్తుందనుకుంటారు, వెళ్ళదు, ముందు నర్సులు చూసి దేన్ని ఎవరికి పంపాలో చూస్తారు, జవాబు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. గుండెల్లో నొప్పి, ఊపిరి ఆడట్లేదు లాంటివి దయచేసి మెసేజ్‌లో రాయకండి, 911కి ఫోన్ చెయ్యండి. అంత సీరియస్ కాదు గానీ రాత్రిపూట భయంగా ఉందంటే క్లినిక్ నంబర్‌కే ఫోన్ చెయ్యండి, ఆన్ కాల్‌లో ఎవరో ఒకరు ఉంటారు, ఎమర్జెన్సీకి వెళ్ళాలా రేపటిదాకా ఆగొచ్చా వాళ్ళు చెప్తారు. ఇంకోటి, 2021 నుంచి రక్తపరీక్షల రిజల్ట్స్ డాక్టర్ చూడకముందే మీ ఫోన్‌కి వచ్చేస్తున్నాయి, చట్టం అలా మారింది. ఎర్రగా కనపడిన ప్రతి నంబర్‌నీ గూగుల్‌లో వెతికి రాత్రంతా నిద్ర మానుకోకండి, డాక్టర్ కామెంట్ వచ్చేదాకా ఒక రోజు ఆగండి.

బిల్లుల గురించి. ఏడాదికోసారి చేసే ఫిజికల్‌కి (మామూలు చెకప్‌కి) చాలా ప్లాన్లలో డబ్బులు కట్టక్కర్లేదు, కానీ అదే విజిట్‌లో మోకాలు నొప్పి, తలనొప్పి అని కొత్తవి చెప్తే దాన్ని ఇంకో విజిట్‌గా కూడా బిల్ చెయ్యొచ్చు, అప్పుడు కో-పే, అంటే ఇన్సూరెన్స్ ఉన్నా మన జేబులోంచి కట్టే వాటా, పడుతుంది. అలాగని నొప్పి దాచుకోమని కాదు, బిల్లు వచ్చినప్పుడు మోసం అనుకోకండని చెప్తున్నా. యూనివర్సిటీ క్లినిక్ హాస్పిటల్ కింద రిజిస్టర్ అయ్యుంటే డాక్టర్ ఫీజు ఒకటి, ఫెసిలిటీ ఫీ (హాస్పిటల్ వాళ్ళు వేసేది) ఇంకొకటి, రెండు బిల్లులు వస్తాయి. నేను వచ్చిన మొదటి ఏడాది ఒక చోట ఇలాగే రెండో బిల్లు వస్తే పొరపాటున వచ్చిందనుకుని పక్కన పడేసా, మూడు నెలలకి కలెక్షన్స్ (బాకీలు వసూలు చేసేవాళ్ళు) నుంచి ఉత్తరం వచ్చింది, అంతకుముందు ఎవ్వరూ ఒక్క ముక్క చెప్పలేదు, ఇప్పటికీ బాధేస్తుంది. బుక్ చేసేటప్పుడే ఫెసిలిటీ ఫీ ఉంటుందా అని అడగండి, ల్యాబ్ మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో కూడా అడగండి. కట్టలేని పరిస్థితైతే, నాన్ ప్రాఫిట్ హాస్పిటల్స్‌కి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ (కట్టలేనివాళ్ళకి బిల్లులో సాయం చేసే పద్ధతి) ఉండి తీరాలి, అప్లికేషన్ అడిగి నింపండి. అడగడానికి సిగ్గుపడి క్రెడిట్ కార్డు మీద కట్టేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది, మన భాష సంగతి. మీకు ఇంగ్లీష్ బాగా వచ్చినా ఒంట్లో బాలేదని చెప్పడానికొచ్చేసరికి మనం తెలుగులో ఆలోచిస్తాం. వేడి చేసిందంటే ఇక్కడ జ్వరం అనుకుంటారు, నోరు పూసిందా, మూత్రం మంటగా ఉందా, కళ్ళు మండుతున్నాయా, ఏది ఉంటే అది విడిగా చెప్పండి. గ్యాస్ పట్టేసిందని ఛాతీ నొప్పిని చెప్తే కడుపు మందిచ్చి పంపే ప్రమాదం ఉంది, ఎక్కడ నొప్పి, మెట్లెక్కితే పెరుగుతుందా, చెమట పట్టిందా అది చెప్పండి. లూజ్ మోషన్స్ అంటే అర్థం కాదు, డయేరియా అనాలి. నీరసం అంటే ఊరికే టైర్డ్ అని వదిలేయకండి, ఇంతకుముందు ఏం చేయగలిగేవారో ఇప్పుడేం చేయలేకపోతున్నారో చెప్పండి. అమ్మానాన్నలు తెచ్చుకున్న మందుల పేర్లు కూడా ఇక్కడ తెలియవు, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ అనీ, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అనీ, డోలో అంటే ఇక్కడి టైలెనాలే అనీ స్ట్రిప్ వెనక చూసి కాగితం మీద రాయండి, రెండు మందులు కలిపిన మాత్రైతే రెండు పేర్లూ రాయండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నానని తప్పకుండా చెప్పండి, దానివల్ల టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్ రావచ్చు, బ్లడ్ టెస్ట్ చేయమని అడగండి. షుగర్ టెస్ట్ కూడా అంతే, మనలాంటి ఆసియా వాళ్ళకి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 దాకా ఆగక్కర్లేదు, 23 నుంచే చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్తుంది, కుర్ర రెసిడెంట్ మర్చిపోతే మీరే గుర్తుచెయ్యండి, సంతోషంగా రాస్తారు.

మా అత్తగారు గ్రీన్ కార్డ్ మీద వచ్చి మాతోనే ఉంటున్నారు. మొదట్లో ప్రతి అపాయింట్‌మెంట్‌కీ మావారు వెళ్ళి ఆవిడ చెప్పింది ఇంగ్లీష్‌లో చెప్పేవారు, ఆవిడ ప్రతిసారీ బానే ఉన్నానయ్యా అనేవారు. రెండో ఏడాది రెసిడెంట్ ఒకతను, తెలుగువాడు కాదు, ఈసారి మీవాడు బయట కూర్చోనీ అని తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో పిలిచాడు. ఇది ఫ్రీ, పేషెంట్ పైసా కట్టక్కర్లేదు, బుక్ చేసేటప్పుడు తెలుగు అని చెప్తే చాలు. ఆవిడ ఆ ఫోన్‌లో గొంతు విని, అమ్మా నువ్వు ఏ ఊరమ్మాయివి అని అడిగి, తర్వాత మూడేళ్ళుగా దగ్గితే ఒంటేలు ఆగట్లేదని, అందుకే బయటికి రావట్లేదని, గుడికి కూడా రానన్నది అందుకేనని చెప్పారంట. కొడుకు ముందు ఎలా చెప్తారు, నాకు కూడా చెప్పలేదు. ఎక్సర్‌సైజులు నేర్పించారు, ఆర్నెల్లకి చాలా నయమైంది.

ఆ రెసిడెంట్ మూడో ఏడాది కూడా అయిపోయి జూన్‌లో వెళ్ళిపోయాడు, ఆవిడ నాలుగు రోజులు దిగులుపడ్డారు. ఆగస్టులో కొత్త ఇంటర్న్ దగ్గరికి నేనే తీసుకెళ్ళా. మేం గదిలోకి వెళ్ళేసరికే టాబ్లెట్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ సిద్ధంగా ఉంది, ఆ అమ్మాయి నాతో నవ్వుతూ, కాసేపు బయట కూర్చుంటారా, పెద్దావిడతో ఒంటరిగా మాట్లాడమని చార్ట్‌లో రాసుంది అంది.